చివరి వరస వయొలిన్: ‘డూ యూ లైక్ బ్రామ్స్?’ తొలి ఎపిసోడ్ల లోపలి లెక్క

‘ఎక్స్‌ట్రార్డినరీ అటార్నీ వూ’ చూసి పార్క్ యున్-బిన్ అభిమానులైనవాళ్ళు, ఆమె అంతకుముందు ఏం చేసిందో వెతుక్కుంటూ వెళ్తే తగిలే డ్రామా ‘డూ యూ లైక్ బ్రామ్స్?’. దక్షిణ కొరియా ఎస్‌బీఎస్ చానల్లో 2020 ఆగస్టు 31న మొదలై అక్టోబరు 20న ముగిసింది. మొత్తం 16 ఎపిసోడ్లు. రాసింది ర్యూ బో-రి, తీసింది జో యంగ్-మిన్. హీరో కిమ్ మిన్-జే పియానిస్టు పార్క్ జున్-యంగ్, హీరోయిన్ పార్క్ యున్-బిన్ వయొలిన్ విద్యార్థిని ఛే సాంగ్-ఆ.

మొదటి నాలుగు ఎపిసోడ్లు చూసి చాలామంది అనే మాట ఒకటే: మరీ నెమ్మది. నిజమే, ఇందులో ఎవరూ గొంతు పెంచరు. మొహాన గ్లాసుడు నీళ్ళు కొట్టే అత్తగారు లేదు, లారీ గుద్దడం లేదు. కానీ ఏమీ జరగడం లేదనుకుంటే పొరపాటు. ఈ కథలో దెబ్బలన్నీ పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం అనే వృత్తి భాషలో తగులుతాయి. ఎవరు ఏ కుర్చీలో కూర్చున్నారు, ఎవరికి ఏ ర్యాంకు వచ్చింది, ఎవరి పేజీలు ఎవరు తిప్పుతున్నారు అన్నవే ఇక్కడ సంభాషణలు. ఆ లెక్క తెలిస్తే ఇదే డ్రామా మధ్యలో ఆపబుద్ధి కానంత బిగువుగా ఉంటుంది.

ఆర్కెస్ట్రా రిహార్సల్‌తోనే మొదలుపెడదాం. వయొలిన్లలో అందరికంటే వెనక కూర్చున్న ఛే సాంగ్-ఆను కండక్టర్ బయటికి పంపేస్తాడు. చూసేవాళ్ళకి అతను దుర్మార్గుడిలా కనిపిస్తాడు. ఆర్కెస్ట్రా పద్ధతి తెలిసినవాళ్ళకి ఆ దృశ్యం ఇంకా కష్టంగా ఉంటుంది, ఎందుకంటే అతను చేసింది వృత్తిలో మామూలు పని.

పెద్ద ఆర్కెస్ట్రాలో తీగవాద్యాలు సుమారుగా 16 మొదటి వయొలిన్లు, 14 రెండో వయొలిన్లు, 12 వయోలాలు, 10 చెల్లోలు, 8 డబుల్ బాస్‌లు ఉంటాయి. ఇద్దరికి ఒక స్టాండు. ఆ ఇద్దరిలో ప్రేక్షకుల వైపు కూర్చున్న మనిషి సీనియర్, లోపలి వైపు మనిషి వాయించడం ఆపి పేజీ తిప్పాలి. పియానో సోలో ఉన్న కచేరీలో తీగవాద్యాల హోరులో పియానో మునిగిపోకుండా ఈ సంఖ్యని తగ్గించడం రివాజు. 12, 10, 8, 6, 4 దాకా దించేవాళ్ళున్నారు. తగ్గించేటప్పుడు ముందు స్టాండు తీసేయరు కదా, వెనక స్టాండే లేస్తుంది. సాంగ్-ఆ చదివే సంగీత కళాశాలలో సీట్లు మార్కుల వరసలో ఇస్తారు. అంటే ‘చివరి వాళ్ళు వెళ్ళండి’ అన్న మాటకి ‘మార్కులు తక్కువొచ్చినవాళ్ళు వెళ్ళండి’ అని అర్థం. ఎవరి మీదా కోప్పడే వీల్లేని అవమానం అది. ఈ డ్రామాలో సాంగ్-ఆకి జరిగే అవమానాల్లో చాలావరకు ఇదే రకం.

వెనక కుర్చీకి ఇంకో ఇబ్బంది ఉంది. శబ్దం సెకనుకి దాదాపు 340 మీటర్లు వెళ్తుంది. ముందు స్టాండుకీ చివరి స్టాండుకీ పది మీటర్లుంటే, ముందువాళ్ళ స్వరం వెనకవాళ్ళ చెవిని చేరేసరికి సెకనులో దాదాపు ముప్ఫయ్యో వంతు గడిచిపోతుంది. చెవిని నమ్ముకుని వాయిస్తే వెనక వరస ఎప్పుడూ ఆలస్యమే. అందుకే అక్కడ కూర్చున్నవాళ్ళు కండక్టర్ చేతినీ ముందు వరస కమానునీ కంటితో పట్టుకుని, చెవికి తొందరగా తోచే క్షణంలో స్వరం ఎత్తుకోవాలి. చివరి కుర్చీ తేలిక అనుకోవడం బయటివాళ్ళ భ్రమ.

ఆలస్యం అన్నది సాంగ్-ఆ అసలు జబ్బు. ఆమె అదే విశ్వవిద్యాలయంలో బిజినెస్ డిగ్రీ పూర్తి చేసి, ఆ తర్వాత మళ్ళీ ప్రవేశ పరీక్షలు రాసి సంగీత కళాశాలలో చేరింది. పుట్టగానే ఒక ఏడు వచ్చినట్టు చూసే కొరియా పాత లెక్కలో ఇప్పుడు 29 ఏళ్ళు. సహాధ్యాయులు ఆమె కంటే ఆరేడేళ్ళు చిన్నవాళ్ళు. ఆ దేశంలో వయొలిన్ వృత్తిలోకి వెళ్ళే పిల్లలు నాలుగైదేళ్ళకే పదహారో వంతు, పదో వంతు సైజు వాయిద్యం పట్టుకుంటారు. ఎనిమిదో వంతు, పావు, అర, ముప్పావు దాటి పన్నెండేళ్ళ లోపు పూర్తి సైజుకి వస్తారు. యేవన్ మిడిల్ స్కూలు, సియోల్ ఆర్ట్స్ హైస్కూలు, ఆ పైన సియోల్ నేషనల్ యూనివర్సిటీ లేదా కొరియా నేషనల్ యూనివర్సిటీ ఆఫ్ ఆర్ట్స్. ఆ దారి దాదాపు రైలు పట్టాలాంటిది. డ్రామాలోని సియోర్యంగ్ విశ్వవిద్యాలయం కల్పితమే గానీ, ఆ పట్టాల దారి కల్పితం కాదు.

ఆలస్యంగా మొదలుపెడితే ఏం పోతుంది? మొదట పోయేది శ్రుతి. వయొలిన్ మీద మెట్లుండవు. వాయించే తీగ పొడవు దాదాపు 33 సెంటీమీటర్లు. తీగ మొదట్లో ఒక అరస్వరానికి దూరం సుమారు 18 మిల్లీమీటర్లు. ఒక స్థాయి పైకి వెళ్తే ఆ దూరం సగమై 9 మిల్లీమీటర్లకి దిగుతుంది, అంటే పెద్దవాళ్ళ వేలి వెడల్పు కంటే తక్కువ. పక్క స్వరం పెట్టాలంటే ముందు వేలు తప్పుకోవాలి. పదేళ్ళ లోపు చేతికి ఇది నడక వచ్చినట్టు వస్తుంది. ఇరవై దాటిన చేయి ఆలోచించి పెడుతుంది, ఆ ఆలోచించే వెంట్రుకవాసి వ్యవధే పరీక్షలో వినబడుతుంది. పైగా గడ్డానికీ భుజానికీ మధ్య వయొలిన్‌ని పట్టుకుని ముంజేతిని లోపలికి మెలితిప్పే భంగిమకి ఎముకలు ముదరకముందే అలవాటు పడాలి. మన కర్ణాటక పద్ధతి వేరు. నేల మీద కూర్చుని, వాయిద్యం తలని పాదం మీద ఆనించి, రెండో కొసని ఛాతీకి చేరుస్తాం కాబట్టి ఎడమ చేతికి బరువు మోసే పని ఉండదు, గమకానికి తీగంతా జారవచ్చు. తీగల శ్రుతీ వేరే: మనకి స, ప, స, ప. వాళ్ళకి నాలుగు తీగలూ వరసగా ఒకదానికొకటి పంచమం దూరంలో ఉంటాయి. ద్వారం వెంకటస్వామి నాయుడి వయొలిన్ విని పెరిగిన చెవికి సాంగ్-ఆ కష్టం వెంటనే తట్టకపోవడానికి ఇదే కారణం. వాయిద్యం ఒకటే, శరీరానికి పెట్టే పరీక్ష వేరు.

సాంగ్-ఆకి ఎదురుగా నిలబడేది లీ జంగ్-క్యంగ్. పసితనంలోనే అద్భుతం అనిపించుకున్న వయొలినిస్టు. ఆమె అమ్మమ్మ క్యంగ్‌హూ సాంస్కృతిక ఫౌండేషన్ అధినేత. సాంగ్-ఆ ఆ ఫౌండేషన్‌లోనే ఇంటర్న్‌గా చేరుతుంది. ఇలాంటి ఫౌండేషన్లు కొరియా సంగీతంలో అలంకారానికి ఉన్నవి కావు. కుమ్హో సాంస్కృతిక ఫౌండేషన్ లాంటివి చిన్న వయసు కళాకారులకి వేదిక ఇస్తాయి, కొనలేని పాత వయొలిన్లని అరువిస్తాయి. ఇచ్చే చేయి ఉన్నచోట రుణమూ ఉంటుంది. పియానిస్టు పార్క్ జున్-యంగ్ కథంతా ఆ రుణమే. పేదింటి పిల్లవాడు, ఫౌండేషన్ స్కాలర్‌షిప్‌తో పైకొచ్చాడు. జంగ్-క్యంగ్ తల్లి చనిపోయాక పెట్టిన స్కాలర్‌షిప్ అది. అంటే ఆమె పోగొట్టుకున్నదాని మీదే అతని జీవితం నిలబడింది. ఆమెని ప్రేమిస్తున్నాడు, ఆమె తన స్నేహితుడు, చెల్లిస్టు హాన్ హ్యన్-హో ప్రేయసి. చెప్పలేడు, వదిలి పోలేడు.

జున్-యంగ్ ఘనతగా డ్రామా చెప్పేది షోపాన్ పియానో పోటీలో ‘మొదటి బహుమతి లేని రెండో బహుమతి’. కథ కోసం అల్లిన వింత కాదిది. వార్సాలో 1927 నుంచి జరుగుతున్న ఆ పోటీలో 1990లోనూ 1995లోనూ న్యాయనిర్ణేతలు మొదటి బహుమతి ఎవరికీ ఇవ్వలేదు. ఆ తీర్పుకి రెండు ముఖాలు. నీ కంటే మెరుగైనవాడు లేడు, అయినా నువ్వు మొదటివాడివి కావు. వినయం తప్ప మరో భావం చూపించని ఆ కుర్రాడికి ఇంతకంటే సరిపోయే బిరుదు ఉండదు. నిజ జీవితంలో 2015లో చో సంగ్-జిన్ అదే పోటీ గెలిచి, మొదటి బహుమతి పొందిన తొలి కొరియన్ అయ్యాడు. డ్రామా లోకంలో ఆ చరిత్రని పక్కన పెట్టుకోవాలి.

కొరియాలో ఈ ర్యాంకులకి మనం ఊహించని బరువు ఇంకొకటి ఉంది: సైన్యం. ఆరోగ్యంగా ఉన్న ప్రతి మగవాడూ ఏడాదిన్నరో ఆ పైనో సైనిక సేవ చేయాలి. ప్రభుత్వం గుర్తించిన అంతర్జాతీయ సంగీత పోటీల్లో మొదటి రెండు స్థానాల్లో వచ్చినవాళ్ళకి మాత్రం మినహాయింపు లాంటిది దొరుకుతుంది. కొన్ని వారాల ప్రాథమిక శిక్షణ, ఆపైన రెండేళ్ళ పది నెలలు తమ రంగంలోనే పని, 544 గంటల సమాజ సేవ. వేళ్ళు రోజుకి ఆరు గంటలు కదలాల్సిన వయసులో బారకాసులో గడపడం అంటే ఏమిటో పియానిస్టుకి తెలుసు. రెండో స్థానానికీ మూడో స్థానానికీ మధ్య గీత కొరియా కుర్రాళ్ళకి అంత మందం. తెర మీద ఎవరూ ఈ లెక్క విప్పి చెప్పరు, కొరియా ప్రేక్షకుడికి చెప్పనక్కర్లేదు.

ఇక పేజీలు తిప్పే పని. ఇంటర్న్‌గా ఉన్న సాంగ్-ఆకి జున్-యంగ్ పక్కన కూర్చుని పేజీలు తిప్పే బాధ్యత పడుతుంది. చూడ్డానికి చిన్న పని. తప్పితే మాత్రం కచేరీ కూలుతుంది. పేజీ తిప్పే మనిషి పియానిస్టుకి ఎడమ పక్కన, కొంచెం వెనగ్గా కూర్చోవాలి. పేజీ అయిపోవడానికి కొంచెం ముందే చప్పుడు లేకుండా లేచి, ఎడమ చేత్తో కుడి పేజీ పై మూల అందుకోవాలి. కింది మూల అందుకుంటే చేయి పియానిస్టు కళ్ళకి అడ్డం. రెండు పేజీలు కలిసి రాకుండా ముందే మూలలు కొంచెం మడిచి పెట్టుకోవాలి. చివరి స్వరం దాకా ఆగకూడదు, ఎందుకంటే పియానిస్టు కన్ను చేతి కంటే ఒకటి రెండు గతులు (కాగితం మీద నిలువు గీతల మధ్య గడులు, ఇంగ్లీషులో ‘బార్లు’) ముందుంటుంది, అతను తల ఆడించగానే తిప్పేయాలి. పునరావృతం గుర్తు ఉన్నచోట వెనక్కి ఎన్ని పేజీలు వెళ్ళాలో తెలిసుండాలి. వేలాడే చేతులున్న బట్టలు, గాజులు, ఘాటైన సెంటు పనికిరావు. చప్పట్లు మోగినప్పుడు నమస్కరించకూడదు, అసలు ఉన్నట్టే కనిపించకూడదు.

సంగీతం చదవడం వచ్చి తీరాల్సిన, సంగీతం ఏమాత్రం చేయకూడని కొలువు ఇది. కచేరీ హాలులో కళాకారుడికి అందరికంటే దగ్గరగా, మూరెడు దూరంలో ఉండి, అతని ఊపిరి వినేదీ ఆ మనిషే. జనం చూసే జున్-యంగ్‌కీ సాంగ్-ఆ చూసే జున్-యంగ్‌కీ తేడా ఆ కుర్చీలో పుట్టింది. రచయిత్రి ర్యూ బో-రి సంగీతం చదువుకున్న మనిషి అని ఇలాంటి చోట్ల తెలిసిపోతుంది.

పేరులో ఉన్న బ్రామ్స్ సంగతి. డ్రామా పేరు ఫ్రెంచి రచయిత్రి ఫ్రాంస్వాజ్ సగాన్ 1959 నవల పేరు నుంచి వచ్చింది, కథ మాత్రం వేరు. తెలుసుకోవాల్సింది 1853 నాటి వృత్తాంతం. హాంబర్గ్‌కి చెందిన ఇరవయ్యేళ్ళ జర్మన్ స్వరకర్త యోహానెస్ బ్రామ్స్ ఆ శరత్కాలంలో డ్యూసెల్‌డార్ఫ్ వెళ్ళి షూమన్ దంపతుల తలుపు తట్టాడు. రాబర్ట్ షూమన్ అప్పటికే పేరున్న స్వరకర్త, క్లారా యూరప్ అంతా తెలిసిన పియానిస్టు, బ్రామ్స్ కంటే 14 ఏళ్ళు పెద్ద. షూమన్ వెంటనే పత్రికలో ఆ కుర్రాణ్ణి ఆకాశానికెత్తాడు. నాలుగు నెలలు తిరక్కుండా, 1854 ఫిబ్రవరిలో, మతి చెడిన షూమన్ రైన్ నదిలో దూకాడు. బతికించారు. ఆపైన బాన్ దగ్గరి మానసిక వైద్యశాలలోనే ఉండి 1856లో పోయాడు. ఆ రెండేళ్ళూ పిల్లలతో ఒంటరిగా మిగిలిన క్లారా ఇంటికి బ్రామ్స్ అండగా నిలబడ్డాడు. ఆమెని ప్రేమించాడు. పెళ్ళి ఎవరినీ చేసుకోలేదు. క్లారా 1896 మేలో చనిపోతే, ఏడాది తిరక్కుండానే 1897 ఏప్రిల్లో అతనూ పోయాడు.

డ్రామాలో ఈ ముక్కోణం రెండుసార్లు వేశారు. జున్-యంగ్, జంగ్-క్యంగ్, హ్యన్-హో ఒకటి. రెండోది సాంగ్-ఆది: ఆమె మనసుపడిన వయొలిన్ తయారీదారు డాంగ్-యున్, అతన్ని ఇంకా మరిచిపోని ఆమె ప్రాణస్నేహితురాలు మిన్-సంగ్. హీరో, హీరోయిన్ ఇద్దరూ బ్రామ్స్‌లే. అందుకే ‘బ్రామ్స్ అంటే ఇష్టమేనా’ అని ఆమె అడిగితే అతనికి అది సంగీతాభిరుచి గురించిన ప్రశ్నలా వినబడదు. దొరికిపోయినట్టు ఉంటుంది.

ఇక్కడ డ్రామాతో చిన్న తగువు పెట్టుకోవాలి. బ్రామ్స్ జీవితాంతం మౌనంగా ఎదురుచూసిన త్యాగమూర్తి అన్నది కేలండరు బొమ్మ. షూమన్ పోయాక ఇద్దరికీ అడ్డేమీ లేదు, అయినా విడివిడిగానే బతికారు. రెండేళ్ళకే అతను గాటింగెన్‌లో అగాథ ఫాన్ సీబోల్డ్ అనే అమ్మాయితో ఉంగరాలు మార్చుకునేదాకా వెళ్ళి వెనక్కి తగ్గాడు. అసలు బ్రామ్స్ ఎదురుచూసినవాడి కంటే తప్పించుకున్నవాడిలా కనిపిస్తాడు. జున్-యంగ్‌లో ఉన్నదీ ఈ రెండో గుణమే అని గమనించినవాళ్ళకి ముందు ముందు అతని మీద వచ్చే విసుగు కొంచెం తగ్గుతుంది.

జున్-యంగ్ జంగ్-క్యంగ్ కోసం వాయించేది బ్రామ్స్‌ని కాదు, షూమన్ ‘ట్రాయ్‌మెరాయ్’ని. 1838లో క్లారాతో పెళ్ళికి రెండేళ్ళ ముందు రాసిన ‘బాల్య దృశ్యాలు’ అనే చిన్న పియానో పాటల వరసలో ఏడోది. బ్రామ్స్ స్థానంలో ఉన్నవాడు క్లారా స్థానంలో ఉన్నామెకి షూమన్ పాట వాయిస్తున్నాడు. అతనికి తనదంటూ ఒక మాట కూడా లేదన్నమాట. పాట నిర్మాణం వింటే ఇంకా బాగుంటుంది. కాగితం మీద 24 గతులే, మూడు నిమిషాల లోపు అయిపోతుంది, మూడు నాలుగేళ్ళు నేర్చిన పిల్లలూ వాయించగలరు. ఒకే పలుకు కింద నుంచి పైకి ఎగబాకుతుంది, దిగుతుంది. మళ్ళీ ఎగబాకి ఇంకొంచెం పైకి చేరుతుంది. చివరిసారి శిఖరం మీద షూమన్ నిలుపు గుర్తు పెట్టాడు. చెప్పబోయిన మాట అక్కడ ఆగి, ఏమీ చెప్పకుండా మెల్లగా కిందికి దిగిపోతుంది. పెద్ద పియానిస్టులకి కూడా కష్టమైంది ఆ నిలుపే. ఎంతసేపు ఆగాలో ఎవరూ నేర్పలేరు.

లోపాలు లేవని కాదు. కాకతాళీయాలు ఎక్కువ. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నా తలుపు అవతల మూడో మనిషి నిలబడి ఉంటాడు, సియోల్ జనాభా మొత్తం ఆరుగురే అన్నట్టు. జంగ్-క్యంగ్ ఎందుకలా చేస్తోందో మొదట్లో చూపించకపోవడంతో ఆమె ఉత్త అడ్డుపుల్లలా మిగిలిపోతుంది. రిహార్సళ్ళు మరీ శుభ్రంగా ఉంటాయి. నిజం రిహార్సల్లో సగం సేపు ‘అరవై రెండో గతి నుంచి’, ‘ఇక్కడ కమాను పైకా కిందికా’ అన్న కీచులాటే. తీగ తెగడం, మెడ కింద చర్మం నల్లబారడం, మణికట్టు వాపు ఇలాంటివి అరుదు. నటులు వాయిస్తున్నట్టు నమ్మించారా అన్నది చూడాలంటే ముఖం వదిలేసి కమాను చూడండి. పొడవాటి స్వరానికి కమాను మొదలు నుంచి కొస దాకా నెమ్మదిగా నడవాలి, గట్టి స్వరానికి వేగం పెరగాలి, ఎడమ వేలి కంపనం వినపడే కంపనంతో కలవాలి. పార్క్ యున్-బిన్ కుడి చేయి చాలాచోట్ల ఈ పరీక్ష నెగ్గుతుంది. పైస్థాయి స్వరాలకి కెమెరా ఠక్కున ముఖం మీదికి వెళ్ళిపోవడమూ గమనించవచ్చు.

డాంగ్-యున్ పనిశాల దృశ్యాల్లో ఇంకా చాలా చూపించవచ్చు, వదిలేశారు. వయొలిన్ లోపల పై పలకకీ కింది పలకకీ మధ్య ఆరు మిల్లీమీటర్ల మందం కర్రముక్క ఒకటి ఉంటుంది, జిగురు లేకుండా ఒత్తిడి మీదే నిలబడుతుంది. అర మిల్లీమీటరు జరిగితే నాదం మారిపోతుంది, పడిపోతే తీగలు వెంటనే వదులు చెయ్యకపోతే పై పలక చీలుతుంది. సియోల్ లాంటి ఊళ్ళో, వానాకాలం ముసురుకీ చలికాలం పొడిగాలికీ మధ్య, కర్ర ఉబ్బి కుంగి, అంచుల జిగురు విడుతూ ఉంటుంది. వయొలిన్ తయారీదారుడి దగ్గరికి వంకలు లేకుండానే పదేపదే వెళ్ళవచ్చు. సాంగ్-ఆ వెళ్ళేది వంక పెట్టుకునా, నిజం పని మీదా అన్నది అందుకే అంత తేలిగ్గా తేలదు.

ఇంగ్లీషు సబ్‌టైటిళ్ళతో చూసేవాళ్ళకి అందకుండా పోయేదొకటుంది. జున్-యంగ్, సాంగ్-ఆ ఒకే ఈడువాళ్ళు. కొరియా పద్ధతిలో ఒకే ఏడాది పుట్టినవాళ్ళు నాలుగు రోజుల్లో ‘నువ్వు’లోకి దిగిపోవచ్చు. వీళ్ళు దిగరు. పేరు చివర ‘సీ’, క్రియ చివర ‘యో’, అంటే మన ‘గారు’, ‘అండీ’ వదలకుండానే స్నేహం చేస్తారు, అలాగే ప్రేమిస్తారు. జంగ్-క్యంగ్‌తో మాత్రం జున్-యంగ్‌ది చనువు భాష, చిన్ననాటి ‘నువ్వు’. ఇంగ్లీషులో రెండూ ఒకటే ‘యూ’. తెలుగువాళ్ళకి ఈ తేడా చెవికి తెలుసు కాబట్టి, క్రియ చివర ‘యో’ ఉందో లేదో వింటూ ఉంటే చాలు. పాత తెలుగు సినిమాల్లో భార్య ‘మీరు’ అంటే భర్త ‘నువ్వు’ అంటాడు. ఇక్కడ ఇద్దరిదీ ‘మీరే’. ర్యాంకుల వరసలో మొదటివాడూ చివరిదీ ఒకరినొకరు ఒకే ఎత్తులో పిలుచుకునే చోటు ఈ కథలో అదొక్కటే.

నాలుగో ఎపిసోడ్ దగ్గర్లో ఆమె పుట్టినరోజు వస్తుంది. జున్-యంగ్ పియానో ముందు కూర్చుని బీథోవెన్ ‘మూన్‌లైట్’ సొనాటా ఎత్తుకుంటాడు. మూడేసి స్వరాల అల కింద నడుస్తుంటే, దాని మీద ఎప్పుడో తెలియకుండా పుట్టినరోజు పాట తేలుతుంది. ఇన్నాళ్ళూ ఇంకొకరి ‘ట్రాయ్‌మెరాయ్’ని రాసింది రాసినట్టు వాయించిన చేతులు మొదటిసారి కాగితంలో లేని స్వరాలు వేస్తున్నాయి. స్టాండు మీద పుస్తకం లేదు, పేజీ తిప్పే పని లేదు, సాంగ్-ఆ ఉత్తినే కూర్చుని వింటోంది.